తొలి క్రైస్తవ సువార్త ఎలా వ్యాపించింది? తరచుగా అడిగే ప్రశ్నలు

తొలి నాలుగు శతాబ్దాల క్రైస్తవ ప్రచారం గురించి ఎప్పుడు మాట్లాడినా అవే సందేహాలు చుట్టుతిరిగి వస్తుంటాయి. విశ్వాసులు అడిగేవీ విమర్శకులు అడిగేవీ చాలావరకు ఒకటే, గొంతు మాత్రం వేరు. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. దేవుడు ఏం చేశాడన్నది తేల్చే పని ఇక్కడ పెట్టుకోలేదు. మనుషులు ఏం చేశారో ఆధారాలు చెప్పినంత మేరకు రాశాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## ఆరంభం

యేసు తరవాత మొదట ప్రచారం చేసింది పౌలేనా?

కాదు. పౌలు రంగంలోకి వచ్చేసరికే యెరూషలేములో పేతురు, యాకోబు, యోహానుల చుట్టూ ఒక సంఘం ఉంది. నిజానికి పౌలు మొదట ఆ సంఘాన్ని హింసించినవాడు. ఆ సంగతి గలతీయులకు రాసిన పత్రికలో తానే చెప్పుకున్నాడు. స్తెఫను అనే విశ్వాసిని రాళ్లతో కొట్టి చంపిన తరవాత చెదిరిపోయినవాళ్లు వెళ్లిన చోటల్లా మాట చెప్పుకుంటూ పోయారని కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు అనే గ్రంథం చెబుతుంది. సిరియాలోని అంతియొకయలో యూదేతరులకు మొదట సువార్త చెప్పినవాళ్లు కుప్ర, కురేనే ప్రాంతాలవాళ్లని మాత్రమే అందులో ఉంది, పేర్లు లేవు. రోము నగరంలోనూ అంతే. పౌలు అక్కడ అడుగుపెట్టక ముందే సంఘం ఉంది, ఆయన రాసిన పెద్ద పత్రిక వెళ్లింది దానికే. దాన్ని మొదలుపెట్టిందెవరో ఏ తొలి రచనలోనూ లేదు. వ్యాపారం మీదో, బతుకుతెరువు కోసమో ఊరు మారినవాళ్లు తమతోపాటు విశ్వాసాన్నీ తీసుకెళ్లి ఉంటారు. పౌలు ఉత్తరాలు మిగిలాయి కాబట్టి ఆయన మనకు పెద్దగా కనిపిస్తాడు. ఈ పేరులేని ప్రయాణికుల వాటా తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

యూదుల పెంతెకొస్తు పండుగ రోజు ఒకేసారి మూడు వేల మంది చేరారన్న లెక్క నమ్మవచ్చా?

ఆ అంకె అపొస్తలుల కార్యములలోనిది. సరిచూసుకోవడానికి మరో ఆధారం లేదు. సందర్భం మాత్రం అసహజమైనదేమీ కాదు. పండుగకు పార్థియా, ఐగుప్తు, రోము వంటి దూరప్రాంతాల నుంచి యూదు యాత్రికులు యెరూషలేముకు వచ్చేవారు, ఊరు కిక్కిరిసి ఉండేది.

మొత్తం పెరుగుదలకు అలాంటి సామూహిక చేరికలు తప్పనిసరి కూడా కాదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ ఒక అంచనా వేశాడు. క్రీ.శ. 40 నాటికి 1,000 మంది ఉన్నారనుకుని, పదేళ్లకు 40 శాతం చొప్పున పెరిగారనుకుంటే 300 నాటికి సుమారు 60 లక్షలు అవుతారు. అంటే ఏడాదికి దాదాపు మూడున్నర శాతం. వంద మంది ఉన్న సంఘంలో ఏడాదికి ముగ్గురో నలుగురో చేరితే సరిపోతుంది. ఇది అంచనాయే, జనాభా లెక్క కాదు. అయినా మూడు శతాబ్దాల కాలం ఎంత పని చేయగలదో చూపిస్తుంది.

ముందు యూదులకే చెప్పారంటారు. ఇతరులకు తలుపు ఎప్పుడు తెరుచుకుంది?

ఒక్క రోజులో తెరుచుకోలేదు. కైసరయలో రోమా శతాధిపతి కొర్నేలి ఇంట్లో పేతురు బాప్తిస్మం ఇప్పించడం ఒక మెట్టు. అంతియొకయ సంఘంలో గ్రీకులు చేరడం మరో మెట్టు. శిష్యులను మొదట క్రైస్తవులని పిలిచింది కూడా ఆ ఊళ్లోనే. అసలు చిక్కు అక్కడే మొదలైంది: చేరే గ్రీకువాడు సున్నతి చేయించుకోవాలా, మోషే ధర్మశాస్త్రం పాటించాలా?

దాదాపు 48, 49 ప్రాంతంలో యెరూషలేములో దీనిమీద చర్చ జరిగింది. సున్నతి అక్కరలేదని తేల్చారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు నులిమి చంపిన జంతువుల మాంసం, జారత్వం మానాలని మాత్రం కట్టుబాటు పెట్టారు. కాగితం మీద తేలినంత సులువుగా భోజనాల దగ్గర తేలలేదు. అంతియొకయలో పేతురు మొదట యూదేతరులతో కలిసి తినేవాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గి పక్కకు వెళ్లాడు. పౌలు అందరి ముందే ఆయన్ని నిలదీశాడు. ఎవరి పంక్తిలో ఎవరు కూర్చోవచ్చన్న తగువు ఎంత దూరం పోతుందో మనవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కరలేదు. సున్నతి షరతు కొనసాగి ఉంటే గ్రీకు, రోమన్ పురుషులు అంత సంఖ్యలో చేరేవారని ఊహించడం కష్టం.

## ఊరూరా ప్రచారం

పౌలు కొత్త ఊళ్లోకి వెళ్లగానే ఏం చేసేవాడు? కూడలిలో నిలబడి ప్రసంగించేవాడా?

ఏథెన్సులో సంతవీధిలో వాదించిన మాట నిజం. మామూలు పద్ధతి మాత్రం వేరు. మొదట యూదుల సమాజమందిరానికి వెళ్లేవాడు. అక్కడ యూదులతోపాటు, సున్నతి దాకా పోకుండా ఇశ్రాయేలు దేవుణ్ని గౌరవించే గ్రీకులు కూడా ఉండేవారు. లేఖనాలు ముందే విని ఉన్న ఆ శ్రోతలే తొలి సంఘాలకు పునాది అయ్యారు. అక్కడ గొడవ ముదిరితే ఎవరో ఒకరి ఇంటికి మారేవాడు. కొరింథులో మారిన ఇల్లు సమాజమందిరాన్ని ఆనుకునే ఉంది. రోజూ ఒకరికొకరు ఎదురుపడుతూ ఎలా గడిపారో ఊహించుకోవచ్చు.

అదే కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులతో కలిసి డేరాలు కుట్టాడు. క్లౌదియ చక్రవర్తి యూదులను వెళ్లగొట్టినప్పుడు ఇటలీ నుంచి వచ్చినవాళ్లు వీళ్లు. రాత్రింబగళ్లు కష్టపడి పని చేస్తూ సువార్త ప్రకటించామని థెస్సలొనీకయులకు రాశాడు. సూదీ దారం చేతిలో ఉండగా, పక్కన కూర్చున్న మనిషితో గంటలకొద్దీ మాట్లాడే వీలు కార్ఖానాలో దొరికినట్టు ఇంకెక్కడా దొరకదు. ఎఫెసులో రెండేళ్లపాటు తురన్ను అనే వ్యక్తి పాఠశాలలో రోజూ బోధించాడు. కొన్ని పాత రాతప్రతులు "అయిదో గంట నుంచి పదో గంట దాకా" అన్న మాట చేరుస్తాయి. అంటే ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు, ఊరంతా ఎండకు భయపడి పనులు ఆపుకునే వేళ. ఆ వివరం తరవాత చేర్చిందే కావచ్చు గానీ నమ్మదగినట్టే ఉంది. గది ఖాళీగా ఉండేది అప్పుడే మరి.

యూదుల దగ్గర ఒక మాట, గ్రీకుల దగ్గర ఒక మాట చెప్పాడు కదా, అది అవకాశవాదం కాదా?

మొదలుపెట్టే చోటు మారింది, చేరే చోటు మారలేదు. పిసిదియలోని అంతియొకయ సమాజమందిరంలో ఇశ్రాయేలు చరిత్ర, దావీదు వంశం చెప్పి యేసు దగ్గరికి వచ్చాడు. ఏథెన్సులో గ్రీకు కవి వాక్యం ఎత్తుకుని, తెలియబడని దేవునికి కట్టిన బలిపీఠం చూపించి, చివరికి పునరుత్థానం దగ్గరికే వచ్చాడు. కొందరు ఎగతాళి చేసింది ఆ మాటకే. జనాన్ని మెప్పించడమే ఉద్దేశమైతే దాన్ని దాటవేసి ఉండేవాడు.

లుస్త్రలో జరిగింది మరీ విచిత్రం. కుంటివాడు లేచి నడవగానే జనం తమ లుకయోనియ భాషలో, దేవతలు మనుషుల రూపంలో దిగివచ్చారని కేకలు వేశారు. పౌలుకు తోడుగా ఉన్న బర్నబాను ద్యుపతి (గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్) అన్నారు, ఎక్కువగా మాట్లాడేవాడు కాబట్టి పౌలును హెర్మే (దేవతల దూత హెర్మెస్) అన్నారు. పూజారి ఎద్దులను, పూదండలను తెప్పించాడు. వీళ్లిద్దరూ బట్టలు చింపుకుని అడ్డుపడ్డారు. ఆ కొద్దిపాటి ప్రసంగంలో లేఖనాల ఊసే లేదు. వాన కురిపించి పంటలు పండించే జీవముగల దేవుడన్నదే మాట. కొంతకాలానికే అదే జనం, బయటి ఊళ్లవాళ్ల ప్రేరణతో, పౌలును రాళ్లతో కొట్టి చచ్చాడనుకుని ఊరి బయటకు ఈడ్చేశారు.

ఆ రోజుల్లో అంత దూరాలు ఎలా తిరిగారు? ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

భూమ్మీద రోమన్ రహదారులు, నీటి మీద సరుకుల ఓడలు. ఫిలిప్పీ, థెస్సలొనీక రెండూ ఎగ్నాషియా రహదారి మీద ఉన్నాయి. చలికాలంలో మధ్యధరా సముద్రం మీద రాకపోకలు దాదాపు ఆగిపోయేవి, ఎక్కడున్నవాళ్లు అక్కడే గడపాలి. మూడుసార్లు ఓడ పగిలిందని, ఒక రాత్రీ పగలూ సముద్రంలో ఉన్నానని పౌలు కొరింథీయులకు రాశాడు. సిరియా నుంచి రోము దాకా గ్రీకుతో నెగ్గుకురావచ్చు. హెబ్రీ లేఖనాలకు గ్రీకు అనువాదం ముందే ఉంది. ఇది చిన్న సౌకర్యం కాదు.

ఖర్చుకు చేతిపని, బస విశ్వాసుల ఇళ్లలో. ఫిలిప్పీవాళ్లు ఒకటికి రెండుసార్లు డబ్బు పంపారని పౌలు కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. ఉత్తరాలు మనుషుల చేతికిచ్చి పంపడమే. రోమీయులకు రాసిన పత్రికను పౌలు చెబుతుంటే తెర్తియు రాశాడు. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే దాన్ని తీసుకెళ్లిందని చాలామంది పండితులు అంటారు.

ప్రచారం పేరుతో డబ్బు చేసుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారా?

లేకపోతే నియమాలు ఎందుకు రాసుకుంటారు? దిదాఖే అనే చిన్న గ్రంథం మొదటి శతాబ్దపు చివర్లోనో రెండో శతాబ్దపు మొదట్లోనో రూపొందింది. ఊరికి వచ్చే సంచార బోధకుడి గురించి అందులో నిక్కచ్చిగా ఉంది. ఒక రోజు ఉండవచ్చు, అవసరమైతే రెండు రోజులు. మూడు రోజులు ఉంటే వాడు అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు తరవాతి మజిలీ దాకా సరిపోయే రొట్టె ఇవ్వాలి, అంతే. డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో ఉన్నానంటూ భోజనం పెట్టమని ఆదేశించి, ఆ భోజనం తానే తింటే వాడూ అబద్ధ ప్రవక్తే. రాసినవాళ్లు బాగా అనుభవించి రాశారని చదివితే తెలిసిపోతుంది. రెండో శతాబ్దపు వ్యంగ్య రచయిత లూసియన్ కూడా క్రైస్తవుల ఔదార్యాన్ని వాడుకున్న పెరెగ్రినస్ అనే వ్యక్తి కథను ఎగతాళిగా రాశాడు.

## చేరినవాళ్లు

మారినవాళ్లంతా పేదలు, బానిసలేనా?

ఎక్కువమంది సామాన్యులే, అందరూ కాదు. మీలో గొప్పవంశంవాళ్లు అనేకులు లేరని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. అనేకులు లేరంటే కొందరు ఉన్నారనే కదా. ఆ ఊరి ఖజానాదారు ఎరస్తు పేరు రోమీయులకు రాసిన పత్రికలో ఉంది. ఫిలిప్పీలో మొదట చేరిన లూదియ ఖరీదైన ఊదారంగు బట్టల వ్యాపారి. రెండో శతాబ్దపు విమర్శకుడు సెల్సస్ మాత్రం ఉన్ని వడికేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు యజమానుల ముందు నోరు మెదపరని, పిల్లలూ ఆడవాళ్లూ ఒంటరిగా దొరికితే బోధలు మొదలుపెడతారని వెటకారం చేశాడు. దాదాపు 70 ఏళ్ల తరవాత క్రైస్తవ పండితుడు ఒరిగెన్ దానికి జవాబు రాస్తూ ఆ మాటలు ఉటంకించాడు కాబట్టే అవి మిగిలాయి. వెటకారం పక్కనపెడితే, మాట ఇంటి లోపల, పనిచోట ఎలా పాకిందో సెల్సస్ చక్కగా చూశాడు.

ఇంటి యజమాని మారితే ఇంటిల్లిపాదీ మారిపోయారంటారు. అది బలవంతం కాదా?

మన కాలపు కొలతతో చూస్తే, ఆ ఇంటి బానిసకు నిజంగా ఎంత స్వేచ్ఛ ఉందని అడగడం న్యాయమే. ఆ కాలంలో ఇంటి దేవుళ్లు ఇంటి యజమాని దేవుళ్లే, ఏ మతమైనా అంతే. లూదియ ఇంటివాళ్లు, ఫిలిప్పీ చెరసాల నాయకుడి ఇంటివాళ్లు, కొరింథులో స్తెఫనా ఇంటివాళ్లు అలా కలిసే బాప్తిస్మం పొందారు.

ఇంటిని చీల్చిన ఉదంతాలూ తక్కువేమీ లేవు. విశ్వాసి కాని భర్తతో, భార్యతో ఎలా మెలగాలన్న ప్రశ్నకు పౌలు జవాబు రాయాల్సి వచ్చింది. 203లో కార్తేజులో పెర్పెతువ అనే యువతి చంటిబిడ్డ తల్లిగా ఉండి జైలుపాలైంది. తండ్రి వచ్చి తన నెరిసిన జుట్టు చూసి జాలిపడమని బతిమాలాడు, చేతులు ముద్దుపెట్టుకున్నాడు, కాళ్ల మీద పడ్డాడు. ఆమె వినలేదు. ఆ వృత్తాంతంలో ఒక భాగం ఆమె స్వయంగా రాసిందేనని పండితుల్లో ఎక్కువమంది నమ్ముతారు. చదువుతుంటే తండ్రి పక్షాన కూడా కాసేపు నిలబడాలనిపిస్తుంది.

నమ్మగానే బాప్తిస్మం ఇచ్చేవారా?

మొదట్లో అవును. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే పొందాడు, ఇథియోపియా నపుంసకుడు దారిలో నీళ్లు కనిపించిన చోటే పొందాడు. దిదాఖే నాటికి ముందు ఉపవాసం ఉండాలన్న నియమం కనిపిస్తుంది. పారే నీళ్లు శ్రేష్ఠం, లేకపోతే వేరే నీళ్లు, అవీ సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పోయాలి. మూడో శతాబ్దానికి వ్యవహారం మరింత గట్టిపడింది. హిప్పోలిటస్ పేరుతో ప్రచారంలో ఉన్న సంఘ నియమావళి మూడేళ్ల ఉపదేశం అడుగుతుంది. ముందు వృత్తి ఏమిటని విచారించాలి. విగ్రహాలు చెక్కేవాడు ఆ పని మానాలి, గ్లాడియేటర్ మానాలి, లేకపోతే చేర్చుకోకూడదు. సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్‌లో మామూలు ఇంటిని ప్రార్థనాస్థలంగా మార్చుకున్న ఆనవాలు తవ్వకాల్లో బయటపడింది. అది 240ల నాటిది. అందులో బాప్తిస్మపు తొట్టి, గోడల మీద మంచి కాపరి, నీళ్ల మీద నడిచే యేసు బొమ్మలు ఉన్నాయి.

సేవ పేరుతో మతం మార్చారన్న ఆరోపణ అప్పటికి కూడా వర్తిస్తుందా?

ఈ ప్రశ్న వెనక మన కాలపు వాదన ఉందని తెలుసు, కాబట్టి వాస్తవాలే చెబుతాను. 251 ప్రాంతంలో రోము సంఘం 1,500 మందికి పైగా విధవరాళ్లను, దిక్కులేనివాళ్లను పోషిస్తోందని ఆ ఊరి బిషప్ కొర్నేలియస్ రాశాడు. అదే దశాబ్దాల్లో పెద్ద అంటువ్యాధి వచ్చినప్పుడు, రోగులకు సేవ చేస్తూ తమవాళ్లు అనేకులు చనిపోయారని అలెగ్జాండ్రియా బిషప్ డయొనీషియస్ చెప్పాడు. ఇవి సొంతవాళ్ల మాటలు, కాస్త తగ్గించి తీసుకోవచ్చు. కానీ పాత దేవతల ఆరాధనను నిలబెట్టాలని చూసిన జూలియన్ చక్రవర్తి కూడా 362 ప్రాంతంలో, ఈ గలిలయులు (క్రైస్తవులను ఆయన అలా పిలిచేవాడు) తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారని తన పూజారికి ఉత్తరం రాసి, మనమూ సత్రాలు కట్టాలని ఆదేశించాడు. సేవ ఆకర్షించిందనడంలో సందేహం లేదు. అయితే క్రైస్తవానికి చట్టబద్ధంగా స్వేచ్ఛ వచ్చిన 313కు ముందు చేరినవాడికి అన్నంతోపాటు ప్రాణభయం కూడా దక్కేది. ఎరగా చెప్పుకోవడానికి అది బొత్తిగా చాలదు.

## ఎదురుదెబ్బలు, రాజ్యం

ఎవరో మతం మారితే ఊళ్లోవాళ్లకు అంత కోపం ఎందుకు?

రెండు కారణాలు: దేవుళ్ల ఆగ్రహం, జేబుకు చిల్లు. పూజలు మానేస్తే కరవో, వరదో, తెగులో ఊరందరి మీద పడుతుందని నమ్మేవారు. టైబర్ నది గట్టు దాటినా, నైలు నది పొలాల్లోకి రాకపోయినా క్రైస్తవులను సింహానికి వేయమంటారని క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ ఎత్తిపొడిచాడు.

జేబు సంగతికి ఎఫెసు మంచి ఉదాహరణ. అర్తెమిదేవి వెండి గుళ్ల బొమ్మలు చేసే దేమేత్రి తోటి కంసాలులను కూడగట్టాడు. ముందు మన బేరం పోతోందన్నాడు, ఆ తరవాతే దేవి మహిమ పోతోందన్నాడు. జనం నాటకశాలలో రెండు గంటలపాటు "ఎఫెసీయుల అర్తెమిదేవి మహాదేవి" అని అరిచారు. వచ్చినవాళ్లలో చాలామందికి ఎందుకు వచ్చారో కూడా తెలియదని అపొస్తలుల కార్యములు చురక వేస్తుంది. 112 ప్రాంతంలో నల్లసముద్ర తీరంలోని బితూనియ, పొంతు ప్రాంతాల పాలకుడు ప్లినీ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో కూడా ఇదే కనిపిస్తుంది. గుళ్లు దాదాపు బోసిపోయాయట, బలి ఇచ్చిన పశువుల మాంసం కొనే నాథుడు అరుదయ్యాడట.

మూడు వందల ఏళ్లు నిరంతరం హింసిస్తే ఎలా బతికి బట్టకట్టారు?

నిరంతరం హింసించలేదు. 64లో నీరో హింస రోము నగరానికి పరిమితం. ఆ తరవాత చాలాకాలం ఎక్కడి పాలకుడి తీరు అక్కడిదే. ప్లినీ క్రైస్తవ సంఘం గుట్టు తెలుసుకోవడానికి, సంఘంలో పరిచారకులని పిలిచే ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించాడు. తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా భావించి పాట పాడుకుంటారన్న సమాచారం తప్ప అతనికి పెద్దగా ఏమీ దొరకలేదు. వెతికి పట్టుకోవద్దని, ఊరూపేరూ లేని ఫిర్యాదులు తీసుకోవద్దని, రుజువైతే మాత్రం శిక్షించమని చక్రవర్తి ట్రాజన్ జవాబిచ్చాడు.

సామ్రాజ్యమంతటా ఒత్తిడి వచ్చింది 249, 250లలో డేసియస్ చక్రవర్తి కాలంలో. దేవతలకు బలి ఇచ్చినట్టు అందరూ ధ్రువపత్రం చూపించాలన్నాడు. ఆ పత్రాలు కొన్ని ఈజిప్టు ఇసుకలో దొరికాయి. చాలామంది క్రైస్తవులు లొంగి బలి ఇచ్చారు, కొందరు లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు. తరవాత వాళ్లను తిరిగి చేర్చుకోవాలా వద్దా అన్న తగువు సంఘాలను ఏళ్ల తరబడి చీల్చింది. చివరి పెద్ద హింస 303లో డయొక్లెషియన్ చక్రవర్తి మొదలుపెట్టాడు, 311లో గలేరియస్ ఆపించాడు.

అసలు కాన్‌స్టంటైన్ రాజు బలవంతంగా అందరినీ మార్చేశాడు కదా?

313లో కాన్‌స్టంటైన్, తోటి చక్రవర్తి లిసినియస్ కలిసి ఇచ్చింది అన్ని మతాలకూ స్వేచ్ఛ. క్రైస్తవాన్ని రాజ్యమతం చేసిన శాసనం 380లో థియొడోసియస్ కాలంలో వచ్చింది. అయితే కాన్‌స్టంటైన్ చేయి మొగ్గింది ఎటో అందరికీ కనిపించింది. సంఘాలకు డబ్బు, బిషప్పులకు గౌరవం, పెద్ద ప్రార్థనామందిరాలు దక్కాయి. పైకి రావాలనుకున్నవాళ్లు ఆ వైపు నడిచారు. శతాబ్దం చివరికి పాత పూజలను నిషేధించే చట్టాలు వచ్చాయి, గుళ్లు కూల్చిన ఘటనలూ జరిగాయి. ఒకప్పుడు దాక్కుని పాడుకున్నవాళ్ల వారసులే ఆ పని చేశారన్నది మరుగుపరచాల్సిన విషయం కాదు. 313కు ముందు వ్యాప్తికీ తరవాతి వ్యాప్తికీ ఒకే కారణాలు చెప్పేవాళ్లను నేను నమ్మను.

## సామ్రాజ్యం అవతల

రోమన్ సామ్రాజ్యం బయటికి వెళ్లలేదా?

బాగానే వెళ్లింది. మెసొపొటేమియా ఎగువ భాగంలోని ఎడెస్సా నగరం సిరియాక్ భాషా క్రైస్తవానికి కేంద్రమై తూర్పున పర్షియా దాకా మాట చేరవేసింది. ఆర్మేనియా రాజు తిరిదాతు నాలుగో శతాబ్దపు మొదట్లో గ్రెగరీ బోధతో మారాడు. ఇథియోపియా కథ ప్రచారానికి ఎవరూ పథకం వేయని కథ. తూరు నుంచి వచ్చిన ఫ్రుమెంటియస్ అనే కుర్రవాడు ఎర్రసముద్ర తీరంలో ఓడ మీద దాడిలో బతికి బయటపడి, అక్సుమ్ రాజు కొలువులో పెరిగాడు. అక్కడి క్రైస్తవ వర్తకులకు అండగా నిలిచి, తరవాత అలెగ్జాండ్రియాలో అక్కడి బిషప్ అథనాసియస్ చేతుల మీదుగా బిషప్ అయ్యాడు. అక్సుమ్ రాజు ఎజానా నాణేల మీద మొదట నెలవంక, సూర్యబింబం ఉండేవి. తరవాతి వాటి మీద సిలువ వచ్చింది.

యేసు శిష్యుడు తోమా నిజంగా భారతదేశానికి వచ్చాడా?

కేరళ క్రైస్తవుల సంప్రదాయం ప్రకారం 52లో కొడుంగల్లూరు దగ్గర దిగి, మైలాపూరులో హతుడయ్యాడు. సమకాలీన ఆధారం లేదు. మూడో శతాబ్దపు మొదట్లో సిరియాక్‌లో రాసిన తోమా కార్యాలు ఆయన్ని గుండఫర్ రాజు దగ్గరికి పంపుతాయి. ఆ రాజు కల్పన అని ఒకప్పుడు అనుకున్నారు, 19వ శతాబ్దంలో వాయవ్య భారతంలో గొండొఫర్నెస్ నాణేలు దొరికాయి. రాజు నిజమైనంత మాత్రాన కథంతా నిజం కాదు. మిరియాల వర్తకం వల్ల ఈజిప్టు నుంచి మలబారు తీరంలోని ముజిరిస్ రేవుకు ఏటా ఓడలు వచ్చేవి కాబట్టి ప్రయాణం మాత్రం సాధ్యమే. ఆరో శతాబ్దంలో కాస్మస్ అనే వర్తకుడు మలబారులో క్రైస్తవులున్నారని రాశాడు. అప్పటికి ఉన్నారన్నది గట్టి మాట.

మరి తెలుగు నేలకు ఆ కాలంలో రాలేదా?

వచ్చిందనడానికి ఆధారం లేదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో రోమన్ నాణేలు దొరికాయి కాబట్టి వర్తకం ఉందని తెలుస్తుంది. నాణెం దొరికినంత మాత్రాన సువార్త కూడా వచ్చిందనుకోవడం తొందరపాటు. తెలుగువాళ్ల మధ్య క్రైస్తవం వేళ్లూనింది చాలా తరవాత. 18వ శతాబ్దంలో జెసూట్ గురువులు రాయలసీమలో పనిచేశారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. సువార్తలను తెలుగులోకి తేవడంలో వాళ్లకు ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి తోడ్పడ్డాడు.